పదో బిళ్ల

“నడుముకు ఏందది?”

పాలిష్ డ్రమ్ములో పసుపు కొమ్ములు పోస్తున్న గంగామణి చేతిలో గంప అలాగే ఆగిపోయింది. కొంగు పక్కకు జరిగి, నడుముకు కట్టిన నల్లటి డబ్బా బయటపడింది. దాని నుంచి సన్నటి గొట్టం ఒకటి వీపు మీదుగా వచ్చి గొంతు కింద పిన్నుతో ఆగింది.

“గాలి మిషన్ సేట్. పట్నం నుంచి సార్లు వచ్చి ఆర్మూర్ల పదిమందికి కట్టిండ్రు. ఎస్టీడీ బూత్ భోజన్నకు, ఆటో సురేశ్‌కు గూడ. మనం పీల్చే గాలిల ఎంత ధూళి ఉన్నదో అండ్ల పడ్తదట. రేపు పొద్దుగాల దాక ఉంచుకోవాలెనట.”

ముకుంద్ సేట్ గేటు వైపు చూశాడు. కింద మిల్లు, మీద తన ఇల్లు. పసుపు ధూళికి ఊపిరి ఆడటం లేదని వీధివాళ్లు ఈ సీజన్‌లోనే రెండుసార్లు అర్జీ పెట్టారు. ఇప్పుడు ఆ డబ్బా సాక్ష్యం చెబితే మిల్లుకు తాళం పడుతుంది. గంగామణి రెండేళ్లుగా దగ్గుతుంటే ఒక్క అధికారీ ఇటు తొంగిచూడలేదు. ఆమె నడుముకు డబ్బా కడితే మాత్రం జీపులేసుకొని వస్తారు.

ఆయన పోయి డ్రమ్ము స్విచ్ ఆపాడు. మిల్లు నిశ్శబ్దమైంది. డబ్బా ఒక్కటే గుయ్యిమంటోంది.

“బంద్ చెయ్ దాన్ని.”

“బంద్ జేస్తె ఎరుకైతదట సేట్. ఎంతసేపు నడిసిందో లోపట్నే రాసుకుంటదట.”

“అయితే ఇప్పు. మిల్లుల ఒక్క నిమిషం ఉండొద్దు.”

“ఇప్పి ఏడ పెట్టాలె? మా ఇంటికి సరైన తలుపు గూడ లేదు. కుక్కలు పీకినా, ఎవడన్న ఎత్తుకపోయినా నన్ను పోలీసులకు పట్టిస్తరు.”

“ఏడనన్న పెట్టు. ధూళి లేని జాగ, ఎవరు ముట్టని జాగ చూసి పెట్టు. గది గూడ నేనే చెప్పాల్నా? రేపు పొద్దుగాల మళ్ల కట్టుకొని పోయి ఇచ్చెయ్. మిల్లుల ఉన్నదని నోరు జారినవనుకో, మళ్ల ఈ గడప తొక్కకు.”

గంగామణి తల ఊపింది. ఈ పని పోతే బీడీలు చుట్టుకోవాలి. వేళ్లు ఇప్పటికే వంగడం లేదు. డబ్బాను కొంగులో చుట్టి, దొంగసొత్తు మోస్తున్నట్టు బయటికి నడిచింది. పావుగంటకు వట్టి చేతులతో వచ్చింది.

ఎక్కడ పెట్టావని ముకుంద్ అడగలేదు. తెలియకపోవడమే మంచిదనుకున్నాడు. రేపు ఎవరైనా నిలదీస్తే, నాకేం తెలుసు అని ధైర్యంగా అనొచ్చు.

అయినా ధైర్యం రాలేదు. ఆ రోజంతా గేటు దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. హైవే మీద నుంచి ఏ బండి తిరిగినా లేచి నిలబడ్డాడు. మొక్కజొన్న లారీ అని తెలిశాక మళ్లీ కూర్చున్నాడు. పైనుంచి బాలింత కూతురు అన్నానికి పిలిపించినా మెట్లెక్కలేదు.

తెల్లవారి మున్సిపాలిటీ వరండాలో బల్ల వేశారు. పట్నం నుంచి వచ్చిన దయానంద్ ఒక్కో డబ్బా తీసుకొని, గొట్టం కొసన ఉన్న మూత విప్పి, లోపలి కాగితపు బిళ్లను పట్టకారుతో తీసి పెడుతున్నాడు. నిన్న కట్టినప్పుడు అన్నీ మల్లెపూవు లాంటి తెల్లవే. ముకుంద్ కూడా వచ్చాడు. “మా పనామె సార్, ఒక్కతే భయపడ్తదని తోడొచ్చిన,” అన్నాడు.

భోజన్న బిళ్ల బూడిదరంగులో ఉంది. సురేశ్‌ది ఇంకాస్త నలుపు.

“సార్, ఫస్టు ప్రైజు నాదేనా?” అన్నాడు సురేశ్.

“ప్రైజు నీకు దవాఖానల ఇస్తరు తియ్,” అన్నాడు భోజన్న. అంతా నవ్వారు.

పదో బిళ్ల గంగామణిది. మూత విప్పగానే నవ్వు ఆగిపోయింది. బిళ్ల తెల్లగా లేదు, బూడిదగా లేదు. పచ్చగా, మందంగా, మెత్తినట్టు ఉంది.

“మొఖానికి పసుపు రాస్కుంటది సార్,” అన్నాడు ముకుంద్ గబగబా. “గదే అంటింది.”

దయానంద్ తల అడ్డంగా ఊపాడు. “అంటేది ఇంత లోపలికి రాదు సేట్. పెద్ద ధూళి ఈ మూతకాడనే ఆగిపోతది. ఇది కంటికి కనపడని సన్న ధూళి, ఊపిరితో పాటు పోయేది. ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూసుంటది. మళ్ల బయటికి రాదు.” ఆ బిళ్లను వెలుతురుకు ఎత్తి చూశాడు. “ఒక్కరోజుల గింత. అమ్మా, ఈ డబ్బ ఏడున్నదో గా జాగల ఇంకొక్క రోజు గూడ పండుకోకు. జల్ది నిజామాబాద్ పోయి ఛాతీ డాక్టర్‌కు చూపించు.”

గంగామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముకుంద్ ఆమెను వరండా పక్కకు, గోడ చాటుకు తీసుకుపోయాడు. పళ్లు కొరికాడు.

“వద్దన్న గదనే. మిల్లులనే దాచినవ్. నా కొంపకు తాళం వేయిస్తున్నవ్.”

“దేవుని తోడు సేట్, మిల్లుల పెట్టలె.”

“మరి ఏడ పెట్టినవ్?”

ఆమె రెండు చేతులూ జోడించింది.

“పైన మీ బిడ్డ రాజశ్రీ బాలింత గదిల సేట్. మగోళ్లు రారు, ఎవరు ముట్టరని మీ మనుమరాలి తొట్టెకు కట్టిన, దాని గుయ్యి చప్పుడుకు పసిది పగలు రాత్రి కదలకుంట పండుకున్నదట.”