వేలు ఆగిన చోట

"నువ్వే చదువు, ఎలిశిబమ్మా. నేను చెప్తె నమ్మరు, నువ్వు చదివితె నమ్ముతరు" అంటూ పటేలు ఆ రోజు వార్తల పేపరు ఆమె చేతికిచ్చాడు.

భూమి పన్ను వద్దంటూ ఢిల్లీకి పంపే అర్జీ మీద వేలిముద్రల కోసం, మెదక్‌లోని తన ఇంటికి చిన్న రైతులను పిలిపించాడతను.

బైబిలు ముందేసుకుని తనంతట తానే చదువు నేర్చిన ఎలిశిబ, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. "పంట భూముల మీద పన్ను వేయాలని నిపుణుల కమిటీ సలహా ఇచ్చింది..."

ఆ తర్వాత 'పెద్ద కమతాలకు మాత్రమే' అని ఉంది. ఆమె వేలు ఆగిపోయింది. కూతురూ అల్లుడూ చేస్తున్నది పటేలు పొలమే. అతను కాదంటే వాళ్లు బొంబాయి పోవలసిందే. కొడుకు అట్లా పోయి మళ్లీ రాలేదు.

"ఇన్నరు గద! కుర్సీల కూసున్నోళ్లు ఎన్నడన్న నాగలి పట్టిండ్రా? అరెకరమున్నోళ్లను గూడ ఇడువరు" అని నవ్వాడు పటేలు.

అరెకరమే ఉన్న మన్సూరా ముందుకొచ్చింది. ఆమెకు చదువు రాదు.

"అక్కా, లైను ఇంక ఉన్నది. నీ వేలు నడుమనే ఆగింది. ఆడ ఏమున్నది?"

పటేలు నవ్వడం మానేశాడు.

"ఏం లేదు చెల్లె" అంది ఎలిశిబ, పేపరు మడిచేస్తూ.

మన్సూరా కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వన్నంక లేనట్టే" అని బొటనవేలు సిరాలో అద్దింది.

వెనకున్నవాళ్లు మరేమీ అడగకుండా వచ్చి ముద్రలు వేశారు. పోతూ పోతూ ఒక్కొక్కరూ ఎలిశిబకే దండం పెట్టారు.