ముళ్ళపిల్లి వేగం

వంతెన కొట్టుకుపోయిన వరదకి రెండో ఏడు అది. లేతు మేస్త్రి తన బావమరిదితో మాటలు మానేసి కూడా రెండో ఏడే.

వరదనాడు నీళ్ళు పెరుగుతున్నాయి, పోదాం పదండి అని మేస్త్రి భార్య పొద్దుటినుంచీ మొత్తుకుంది. "నీ లెక్కలు పొయ్యి దగ్గర పెట్టుకో" అన్నాడతను. మధ్యాహ్నానికి ఇద్దరూ డాబా ఎక్కారు. సాయంత్రం ఆమె తమ్ముడు, టైర్ల కొట్టతను, లారీ ట్యూబు మీద తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. ముందు అక్కని దింపుకున్నాడు. ఆమె తమ్ముడి భుజం పట్టుకుని ఏదో అంది. నీళ్ళ హోరులో వినబడలేదు. మేస్త్రి కాలు చాపేసరికి, "ఒక్కరికే చోటుంది బావా" అని అతను ట్యూబు తోసుకుపోయాడు.

మర్నాడు పడవ వచ్చేదాకా మేస్త్రి డాబా మీదే నానాడు.

షెడ్డు బురదలో కూరుకుపోయి పని లేని రోజుల్లో అతనికి ఫోనులో ఒక ఆట పట్టుకుంది. భూతాల్ని పట్టాలి, పెంచాలి, ఎదుటివాడి భూతం మీదికి తోలాలి. తెర మీద కనబడేది ప్రాణం గీత ఒక్కటే. పుట్టుకతో దానికి బలమెంత, తోలు మందమెంత, వేగమెంత అన్నది ఆట చెప్పదు. కొట్టి, కొట్టించుకుని, గీత ఏమాత్రం తరిగిందో చూసి మనమే అంచనా కట్టుకోవాలి.

అందులో ఒకడు తగులుకున్నాడు. పేరు 'లారీట్యూబు'. వాడి భూతం ముళ్ళపిల్లి. గెలిచినప్పుడల్లా ఒకటే మాట రాసేవాడు.

"డాబా మీద గాలి బాగా తగిలిందా?"

వాడెవడో మేస్త్రికి వేరే చెప్పాలా?

పందెం కూడా వాడే కట్టాడు, ఎండాకాలం చివరి ఆదివారం ఆడే ఆట మీద. "నువ్వు గెలిస్తే నీ ఇంట్లోనే నీ కాళ్ళు పట్టుకుంటా. ఓడితే టైర్ల కొట్టుకెళ్ళి, లెక్కలు రానిది నాకేనని నలుగురిలో చెప్పు."

మేస్త్రి సరేనన్నాడు. బావమరిది తన కాళ్ళ దగ్గర ఎలా ఉంటాడో తలుచుకుంటే అన్నం సయించేది.

ఆ ఎండాకాలమంతా అతను కావాలనే ఓడాడు. తన గుండుతాబేలు సంగతులన్నీ తనకు తెలుసు. దాన్ని పిల్లి ముందుకు తోలేవాడు. పిల్లి రక్కగానే లేతు మిషను మీద కొలతలకి వాడే కాలిపర్ తెచ్చి ఫోను మీద పెట్టి, గీత ఎంత తగ్గిందో కొలిచేవాడు. ఒక దెబ్బ కాస్త ఎక్కువ పడుతుంది, ఒకటి తక్కువ. మళ్ళీ కొలిచేవాడు. చివరికి తేల్చాడు. పిల్లికి గోళ్ళ బలం జాస్తి. తోలు పలచన. వేగం మరీ అన్యాయం, తాబేలుకే ప్రతిసారీ ముందు వంతు వచ్చేది.

"తాబేలు కన్నా వెనకబడ్డ పిల్లి! అచ్చం నీ తమ్ముడే" అన్నాడు భార్యతో. "మీ వంశంలో ఒక్కరికైనా చురుకుందా?"

"ఏమోనండి. కొలిచేది మీరేగా" అందామె. "ఆ ఇనప ముక్క పెట్టకండి, అద్దం గీసుకుపోతుంది."

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. సాయంత్రం మేస్త్రి ముందుగదిలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. భార్య ఎప్పటిలాగే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆట మొదలైందంటే అతని నోట వచ్చే తిట్లన్నీ ఆమె పుట్టింటికే.

ఈసారి తాబేలుని దించలేదు. నిప్పుతొండని దించాడు. తాబేలు కంటే కాస్త చురుకు, మంట భయంకరం, ఒళ్ళు మాత్రం ఉల్లిపొర. పిల్లి కన్నా ముందు ఒక్కసారి ఊదితే చాలు.

పిల్లి ముందు కొట్టింది. తొండ వెల్లకిలా పడింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఇన్నాళ్ళూ దాని కాలికి ఇనప గుండు కట్టి దింపాను. ఇవాళ విప్పాను. కాలిపర్‌కి గుండు కనబడదు కదా?"

గుండు కడితే భూతం నెమ్మదిస్తుందనీ, అది ఎదుటివాడికి కనబడదనీ మేస్త్రికి తెలుసు. ఉన్న వేగం చెడగొట్టుకోడానికి ఎవడు కడతాడులే అని వదిలేశాడు. దానికి కాదు అతని ఒళ్ళు మండింది. కాలిపర్ సంగతి వాడికెలా తెలిసింది?

వెళ్ళి తలుపు దబదబా బాదాడు. ఆమె తీసింది. చేతిలో సగం మడిచిన దుప్పటి.

"కాలిపర్ గురించి నీ తమ్ముడికి మోశావు కదే?"

"ఒట్టు. నేనెవరికీ ఏమీ మొయ్యలేదు" అంది, దుప్పటి మడత జారకుండా పట్టుకుని.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి టైర్ల కొట్టుకి వెళ్ళాడు. బావమరిది ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు. పక్కన ఇద్దరు డ్రైవర్లు టీ తాగుతున్నారు.

మేస్త్రి వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు. "లెక్కలు రానిది నాకే. నీ పిల్లే గెలిచింది. చాలా?"

"ఏం పిల్లి బావా?"

"నాటకాలొద్దు. ఫోనులో. ముళ్ళపిల్లి."

బావమరిది చేతులు తుడుచుకుని, డ్రైవర్ల వైపు ఒకసారి చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నాకు ఏ ఆటా రాదు బావా, నీకు తెలీకుండా ఒక ఫోను కొనిపెట్టమని అక్క అడిగితే కొనిపెట్టా, ట్యూబులో ఒక్కరికే చోటుందని చెప్పమంటే ఆరోజు చెప్పినట్టే."