వెల్లుల్లి రెబ్బలు

దొండకాయలు తరుగుతుంటే వదిన ఫోను చేసింది. ఈ రోజుల్లో ఎవరి ఫోనూ వాళ్ళు మాట్లాడరు. మన గొంతుతో, ఫోనులో ఉండే ‘బదులు’ అనే యంత్రం మాట్లాడుతుంది, మనం పని చేసుకుంటూ వింటాం.

"ఆవకాయలో వెల్లుల్లి వేయనా, మందాకినీ?"

"వేయండి వదినా, నాకు ప్రాణం," అంది నా బదులు.

నా చెయ్యి ఆగింది. కొత్త కోడలిగా మొహమాటానికి ఒకసారి నేనన్న మాట అది. బదులు దాన్నే పట్టుకుని ఏటా చెబుతోంది. ఏటా జాడీ వస్తోంది, నేను రెబ్బలు ఏరి పారేస్తున్నాను.

ఫోను అందుకున్నాను.

"మీకు స్వయంగా మాట్లాడే అలవాటు లేదు, నేను చూసుకుంటాను," అంది బదులు నాతో. దాన్ని ఆపేశాను.

"వదినా, నేనే మాట్లాడుతున్నాను. నాకు వెల్లుల్లి పడదు. వేయకండి."

అనేశాక భయమేసింది. అయినా సర్దిచెప్పలేదు.

కాసేపటికి ఎప్పుడూ వినని విసుగుతో, బొంగురుగా వదిన గొంతు వినిపించింది.

"ఉండు, నా బదులునూ ఆపాను. నాకూ పడదే. నీకు ప్రాణమన్నావని ఏటా వలవలేక చస్తున్నాను. ఇంకేమేం పడవో ఇప్పుడే చెప్పు."

కత్తిపీట పక్కకు జరిపి, స్థిమితంగా కూర్చున్నాను.