చేరానన్న మాట

బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. అమ్మ నంబరు నుంచి ఫోన్ రాగానే, హారన్లు వినపడకుండా కాలేజీకి వెళ్తున్న ఆ అమ్మాయి ఫోనుకు చున్నీ అడ్డం పెట్టుకుంది.

“ఆఁ, చేరానమ్మా. క్లాసులో కూర్చున్నా.”

వాళ్ళ తాహతుకు అందిన సర్కారు కాలేజీ ఊరికి ఆ చివర ఉంది, రెండు బస్సులు మారాలి. కూతురు చేరిందని వినేదాకా తల్లి ఆసుపత్రిలో నొప్పికి సూది వేయించుకోదు. మత్తులో ఆ మాట వినబడదేమోనని బెంగ. అందుకే, పాపమో పుణ్యమో, ఈ అబద్ధం రోజూ దారిలోనే అయిపోతుంది.

“అమ్మ కాదే, నేను,” అన్నాడు తండ్రి. “అప్పుడే చేరిపోయావా?”

“ఆఁ నాన్నా.”

“అయితే సరేలే. అమ్మ నిన్నొకసారి చూడాలంది. అంత దూరం వెళ్ళాక మళ్ళీ వెనక్కెందుకు, సాయంత్రం వద్దువుగాని.”

ఫోన్ పెట్టేశాడు. ఆమె కిటికీలోంచి చూసింది. బస్సు ఆగి ఉన్నది అమ్మ ఉన్న ఆసుపత్రి గేటు ముందే.

జనాన్ని తోసుకుంటూ దిగి, మెట్లన్నీ పరుగున ఎక్కింది. వార్డు గుమ్మంలోనే తండ్రి ఎదురయ్యాడు.

“ఇంతలోనే ఎలా వచ్చావే?”

“ఇక్కడే ఉన్నా నాన్నా. గేటు దగ్గరే.”

ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

“నువ్వు చేరావని అమ్మకి చెప్పానమ్మా. ‘హమ్మయ్య, ఇక సూది వెయ్యమను’ అని చెయ్యి చాపింది. నర్సమ్మ వచ్చేలోపే ప్రాణం పోయింది.”

లోపల మంచం అంచున ఆ చెయ్యి ఇంకా చాపినట్టే ఉంది.