రియోలో శాంతవ్వ బజ్జీల బండి

"వంట తప్పించుకునేటందుకు ఇన్ని కతలా?" అన్నాడు సురేందర్, ఉల్లిగడ్డ కోస్తూ.

అల్ మవాలే అనే అరబ్బు ఊళ్లోని ఆ రూమ్‌లో పనికొచ్చిన తెలుగువాళ్లు ఆరుగురుంటారు. శుక్రవారం వంట వంతులవారీగా చేయాలి. భీమన్న వంతు మాత్రం సురేందర్ మీద పడేది. ఎందుకంటే భీమన్న ఒకప్పుడు ఓడలో పనిచేశాడు. ఆ ఓడ బ్రెజిల్‌లోని రియోలో పన్నెండు రోజులు ఆగింది. ఆ పన్నెండు రోజుల ముచ్చట్లు అతను రెండేళ్లుగా చెబుతున్నాడు. కథ చెప్పేవాడికి వంట లేదని రూమ్ అంతా కలిసి తీర్మానించింది.

నిజానికి భీమన్న ఓడ ఎక్కలేదు. రియో బీచ్‌ను అతను చూసింది సెలూన్ టీవీలో, క్షవరం అయ్యేంతసేపు.

"కతలు కాదు తమ్మీ, కండ్లార చూసిన. బీచ్ పొడుగూత బంతాటనే. ఓడినోళ్లు గెలిచినోళ్ల బట్టలు సముద్రంల ఉతికి ఆరెయ్యాలె. ఆడనే మన జగిత్యాల శాంతవ్వ మిర్చిబజ్జీల బండి. ఎంత లైనని!"

శాంతవ్వ అతని మేనత్త. జగిత్యాల దాటి ఎరగదు.

సురేందర్ కత్తి కింద పెట్టాడు. "మొయినుద్దీన్ భాయ్, మీ కోచ్‌ది ఏ దేశం?"

అదే రూమ్‌లో ఉండే మొయినుద్దీన్‌ది కడప. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే అకాడమీలో బస్సు నడుపుతాడు. "దువార్తే సారా? బ్రెజిల్ కదప్పా. రియోలోనే పుట్టినాడంట."

"అయితే సాయంత్రం అడుగుదాం. అబద్ధమైతే వీసా అయిపోయేదాకా శుక్రవారం వంట భీమన్నదే. గిన్నెలు గూడ."

భీమన్నకు అన్నం వార్చడం కూడా రాదు. వద్దంటే అక్కడికక్కడే దొరికిపోతాడు.

"నడువుండ్రి," అన్నాడు.

సాయంత్రం, దగ్గర్లోని సీబ్ బీచ్‌లో పిల్లల ప్రాక్టీసు ముగిసింది. కోచ్ బంతులు సంచిలో వేస్తున్నాడు. ఉంగరాల జుట్టు, మెడలో విజిల్. మొయినుద్దీన్ భీమన్నను ముందుకు తోశాడు.

"సార్, హీ గో రియో. ట్వెల్వ్ డేస్."

కోచ్ చేతిలోంచి బంతి జారింది. "రియో? యు?"

"యెస్," అన్నాడు భీమన్న.

"ఓడినోళ్లు బట్టలుతుకుతరా, అడుగు భాయ్," అన్నాడు సురేందర్.

మొయినుద్దీన్ అడిగాడు. కోచ్ భీమన్న ముఖంలోకి చూశాడు.

"యెస్, యెస్," అన్నాడు. "వాషింగ్. ఆల్వేస్."

ఆ ముక్క భీమన్న పోయిన నెల పప్పు ఉడికేలోపు అల్లింది.

"మరి శాంతవ్వ?" సురేందర్ ఈసారి మొయినుద్దీన్ కోసం ఆగకుండా తనే అడిగాడు. "రియో బీచ్, శాంతవ్వ, మిర్చిబజ్జీ?"

"శాంతవ్వ!" కోచ్ రెండు చేతులూ పైకెత్తాడు. "వెరీ గుడ్ బజ్జీ! బిగ్ లైన్! ఐ ఈట్ ఎవ్రీ డే!"

సురేందర్ ఇసుకలో చతికిలబడ్డాడు. "ఇగ నేనే వండుత తియ్యి."

"ఉప్పు జర చూసి వెయ్యి," అన్నాడు భీమన్న. ఎందుకైనా మంచిది, మేనత్తకు ఒకసారి ఫోన్ చేయాలనుకున్నాడు.

అందరూ కదిలారు. కోచ్ చెయ్యి భీమన్న భుజం మీద పడింది.

"యు, వెయిట్."

మిగతా ఇద్దరినీ పొమ్మని సైగ చేసి, భీమన్నను బస్సు వెనక్కి నడిపించాడు. నలుగురిలో పరువు తీయకుండా చాటుకు తెచ్చి తిడతాడన్నమాట. పెద్దమనిషే.

"సారీ సార్," అన్నాడు భీమన్న ముందే.

కోచ్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ప్లీజ్," అన్నాడు. "మై జాబ్."

అబద్ధం తనదైతే బతిమాలడం ఆయన వంతెందుకైందో భీమన్నకు అర్థం కాలేదు. కోచ్ అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వు నిజంగ చూసొచ్చినోనివి, ఎవ్వరికీ చెప్పకు అన్నా, మాది హైదరాబాద్ బార్కస్."