చెంబెడు నీళ్లు

కుండీలో చెయ్యి పెట్టి ఉండగా దొరికాడు దొంగ.

హనుమయ్యకు ఒళ్లు మండిపోయింది. మామిడికాయలు కోసుకుపోయినా తిట్టి వదిలేసే మనిషే. కానీ అవి కూతురి మొక్కలు.

కంకర కోసం కొండల్ని పిండి చేస్తుంటే, వాటి మీది జెముళ్లనూ, కుందేటి కొమ్ములనే కాడ మొక్కలనూ కీర్తిప్రియ ఏరి తెచ్చి తోటలో షెడ్డు పక్కన కుండీల్లో పెట్టింది. "ఈ ముళ్ల పిచ్చేంటే" అని ఆయన వెక్కిరించేవాడు.

కిందటేడు డెంగీ జ్వరం ఆ పిల్లను పట్టుకుపోయింది.

అప్పటినుంచీ మామిడి అంటుకు పోసినట్టే, పొద్దున్నే ఒక్కో కుండీకీ చెంబెడు నీళ్లు పోస్తున్నాడు. అవి పచ్చగా ఉన్నంతకాలం పిల్ల ఎక్కడికీ పోలేదని ఆయన నమ్మకం.

"ఎవడివిరా?"

"కిషోర్ బాబునండి. కీర్తికి తెలిసినవాణ్ణి." పాతికేళ్ల కుర్రాడు. చేతిలో సంచి, సంచి నిండా మొక్కలు.

"తెలిసినవాడివైతే ఎత్తుకుపోతావా?"

"కాదండి. రోజూ నీళ్లు పోస్తే ఇవి కుళ్లిపోతాయండి."

"నా బిడ్డ మొక్కల్ని ఎండగట్టమంటావా?"

చెంప ఛెళ్లుమంది. కిషోర్ సంచిలో మొక్కలన్నీ కుండీల దగ్గర దించి, వట్టి సంచితో వెళ్లిపోయాడు.

దొంగసొత్తు కక్కించానన్న తృప్తితో హనుమయ్య వాటిని నాటి, ఇంకో చెంబెడు ఎక్కువే పోశాడు.

నెల తిరిగేసరికి మొక్కలు ఒక్కొక్కటే మెత్తబడి ఒరిగిపోయాయి. ఆయన భయపడి నీళ్లు పెంచాడు. చివరికి ఒక్క కుందేటి కొమ్ము మిగిలింది.

"దిష్టి తగిలింది యలమందా. ఏడాదిపాటు ఎంత బాగున్నాయి" అంటూ కూలబడ్డాడు.

కాపలా యలమంద తల దించుకున్నాడు.

"అవి కావండి బాగున్నవి. ఆ కిషోర్ బాబు వారం వారం వచ్చి, కుళ్లినవి తీసేసి, అలాంటివే తెచ్చి పెట్టేవాడు. మీకు చెప్పొద్దన్నాడు, తట్టుకోలేరని. ఆ రోజు నేనొచ్చేలోపే మీరు కొట్టేశారు."

హనుమయ్య మిగిలిన కుండీని చంకన పెట్టుకుని బస్సెక్కి, యలమంద చెప్పిన గుర్తులతో జి. కొండూరులో కిషోర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తల్లి జోజమ్మ ఒక్కతే ఉంది.

"అబ్బాయి లేడండి. పని చూసుకుని దూరం వెళ్లిపోయాడు. ఇక ఈ వైపు రానన్నాడు."

"ఇలాంటి మొక్క ఇంకొకటైనా ఇప్పించమ్మా."

ఆమె మెల్లగా కొమ్మను తాకింది. అది మొదలంటా ఊడి చేతిలోకి వచ్చేసింది.

"ఇంకేం లేవండి. కొండల మీద ఇద్దరూ కలిసి ఏరినవే ఇవన్నీ. అక్కడ పోతే ఇక్కడుంటుందని, అమ్మాయి ప్రతిదాంట్లోనూ ఒక పిలక మా ఇంట్లో నాటింది. అన్నీ మీ తోటకే మోశాడు. ఆఖరివి ఆ రోజు సంచిలో తెచ్చాడు."

అరుగు పొడవునా ఖాళీ కుండీలు. ఆ కొండలు కూడా ఇప్పుడు లేవు.

హనుమయ్యకు దుఃఖం ఆగలేదు.

"పిల్ల గుర్తు ఒక్కటీ మిగలకుండా నా చేత్తోనే చేసుకున్నాను. ముక్కూమొహం తెలియని నా కోసం ఆ అబ్బాయి ఇంత ఎందుకు చేశాడమ్మా?"

"లోపలికి రండి అన్నయ్యగారూ" అంది జోజమ్మ.

లోపల గోడ మీది పెళ్లి ఫొటోలో, తను చెంపదెబ్బ కొట్టిన కుర్రాడి పక్కన, మెళ్లో తాళితో కీర్తిప్రియ నవ్వుతోంది.