తొంభై పాయింట్ నాలుగు

"ఒరే, ఏడో చెరువు! రొయ్య పైకొచ్చేస్తంది, ఏరియేటర్లు తిప్పండ్రా!"

రేడియోలోంచి మగగొంతు ఖంగుమంది. స్టూడియో గదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ ఉలిక్కిపడ్డారు.

"అక్కా! మన ఫ్రీక్వెన్సీలో ఎవడో మాట్లాడుతున్నాడు!" అంది రామతులసి. రేపటి నుంచి మైకు ముందు కూర్చోవలసిన అమ్మాయి తనే.

సూర్యకళ గోడగడియారం చూసింది. తొమ్మిదిన్నర. పదకొండింటికి తనిఖీ అధికారి వస్తారు. ఉండి దగ్గర ఆ చిన్న ఊళ్ళో మహిళా సంఘం రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు కోసం ఆవిడ రెండేళ్ళు తిరిగింది. 90.4 మీది అని కాగితం వచ్చి నెలయింది. ఇవాళ ఆయన సిగ్నల్ కొలిచి సరేనంటే రేపే ప్రసారం. అదే నంబరు మీద ఇంకో గొంతు వినబడిందా, ఫైలు మళ్ళీ ఢిల్లీ వెళ్తుంది.

"మన ప్రసారం మిషను ఆపెయ్. చేతి రేడియో తీసుకుని బండెక్కు," అంది.

టీవీయెస్ బండి ఆకివీడు రోడ్డెక్కింది. వెనక కూర్చున్న రామతులసి రేడియో చెవికి ఆనించుకుంది.

"ఏంటెన్నా మడిచేసెయ్. అప్పుడు కూడా గట్టిగా వినబడిందంటే దగ్గరికొచ్చినట్టే," అని ముందు నుంచి అరిచింది సూర్యకళ.

"తగ్గిపోతందక్కా! వెనక్కి! వెనక్కి తిప్పు!"

ఎదురొచ్చిన మేత లారీ కీచుమని ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్టు వినే తీరికెవరికీ లేదు. బండి కాలవ వంతెన దాటి మట్టిరోడ్డులో దిగింది. నిన్నటి వానకి చక్రం జారుతోంది.

"పెరిగింది... ఇంకా పెరిగింది... అక్కా, చెవి పగిలిపోతంది!"

రోడ్డు అయిపోయిన చోట రొయ్యల చెరువులు. గట్టు మీద రేకుల షెడ్డు, దాని పక్కన వెదురుగడ, గడకి చుట్టిన తీగ. షెడ్డులో ఒకాయన మైకు పట్టుకుని కూర్చున్నారు. పదహారు చెరువుల ఆసామి అమ్మిరాజు.

"ఏంటమ్మా, ఎవరు మీరు?"

"మాది మహిళా సంఘం రేడియో అండి. మీరు మాట్లాడుతున్నది మా ఫ్రీక్వెన్సీలోనండి. కాస్త ఆపాలండి."

"మెకానిక్కు వీరబ్రహ్మం చేసిచ్చాడమ్మా ఈ పెట్టె. చెరువుకొక మనిషి, మనిషి మెళ్ళో ఒక రేడియో. ఒక్కమాట అంటే పదహారు గట్ల మీదా వినబడద్ది. నా చెరువుల మీద గాలి కూడా మీదేనా?"

"గాలి మీదేనండి. తొంభై పాయింట్ నాలుగు మాత్రం మాదండి."

రాజుగారికి నవ్వు రాబోయి ఆగిపోయింది. మబ్బు వైపు చూపించారు. "పొద్దున్నించీ ఎండ లేదు. నీళ్ళలో గాలి చాలక రొయ్య పైకి తేలతంది. ఇప్పుడు గానీ పెట్టె కట్టేశానంటే సగం చెరువులు పోతాయి. ఇంకా తొమ్మిది చెరువులకి చెప్పాలి. నీ లైసెన్సు కోసం నా పంట చంపుకోనా?"

సూర్యకళ చెరువు వైపు చూసింది. ఆయన మాటలో అబద్ధం లేదు. కేసు పెడతానని బెదిరించొచ్చు. కానీ కాగితం మీదకెక్కితే మునిగేది తన స్టేషను కూడా.

"ఏ చెరువులకి చెప్పాలో చెప్పండి. మేం చెప్పొస్తాం," అంది.

"ఎలాగ?"

ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. "పరిగెత్తి!"

సూర్యకళ ఎడమ గట్టున, రామతులసి కుడి గట్టున. బురదలో జారి పడుతూ, లేస్తూ, కేకలేస్తూ పరిగెత్తారు. "ఏరియేటర్లు తిప్పమన్నారండోయ్! మేత ఆపమన్నారండోయ్!" ఒక్కో చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఆ చక్రాలు కదిలి నీళ్ళు తెల్లగా చిమ్ముతుంటే సూర్యకళకి ఎక్కడలేని ఉషారొచ్చింది. రెండేళ్ళుగా ఆఫీసు బల్లల ముందు నిలబడ్డ కాళ్ళేనా ఇవి అనిపించింది.

తొమ్మిది చెరువుల్లోనూ చక్రాలు తిరగడం చూసి అమ్మిరాజు లేచారు. వెదురుగడ మీది తీగ తనే పీకేశారు.

ఆవిడ రొప్పుతూ తిరిగొచ్చేసరికి పెట్టె మూగబోయి ఉంది.

"మబ్బు పట్టిన రోజు ఈ కబురు మీ రేడియోలో మీరే చెప్తారా?" అని అడిగారాయన.

"ఆయ్! మీ పదహారింటికే కాదండి, ఈ చుట్టుపక్కల అన్ని చెరువులకీ చెప్తామండి."

"అయితే జీపెక్కండి. పదింబావైపోయింది."

జీపు స్టేషను ముందు ఆగగానే సూర్యకళ కిందికి దూకింది. అధికారి అప్పుడే వచ్చి వరండాలో కూర్చుని ఉన్నారు. చెప్పిన వేళకంటే ముందే. లోపల మిషను ఆపి ఉంది. ఒంటినిండా బురదతో ఆవిడ చేతులు జోడించింది.

"తప్పయిపోయిందండి. అనుకోకుండా బయటికెళ్ళాల్సి వచ్చింది. పది నిమిషాలు టైమివ్వండి, మిషను వేసి సిగ్నల్ వినిపిస్తాం."

"ఇంకా వినిపించడమేంటమ్మా?" ఆయన సంతకం పెట్టిన కాగితం ఆవిడ చేతిలో పెట్టారు. "ఉండి సెంటర్లో మీటరు పెట్టుకుని అరగంట విన్నాను. సిగ్నల్ శుభ్రంగా ఉంది. అందరూ సినిమా పాటలు వేసి సరిపెడతారు, మీరొక్కరే పనికొచ్చే మాట చెప్తున్నారు. ఆ చెరువుల కబుర్లు చెప్పే అనౌన్సర్ని మాత్రం ఎప్పుడూ మార్చకండి!"